చెరువు అడుగున పాతకాలపు సేద్యం జాడలు
పుప్పొడి చెబుతున్న ఎడారి చరిత్ర

పూత మీదున్న జొన్న వెన్నును తాకితే చేతికి పసుప్పచ్చని పొడి అంటుకుంటుంది. ఆ పుప్పొడి వేల ఏళ్లయినా చెడకుండా ఉండగలదు. ఒక ప్రాంతంలో పూర్వం ఏ చెట్లుండేవో, మనుషులు అడవి నరికి సేద్యం చేశారో లేదో దాన్నిబట్టి శాస్త్రజ్ఞులు తెలుసుకుంటున్నారు.

పుప్పొడి రేణువు విడిగా కంటికి ఆనదు. దాని పైపెంకు మాత్రం మహా గట్టిది. గాలి చొరని బురదలో అది కుళ్లదు. తడిసి ఆరే మెట్ట నేలల్లో పాడైపోతుంది. అందుకే వానలు తక్కువగా ఉండే ప్రాంతాల్లో పరిశోధకులు చేలను వదిలి సరస్సుల అడుగున వెతుకుతారు. గొట్టం దించి, పొరల వరుస చెదరకుండా ఒండ్రును పైకి తీస్తారు. ఆమ్లాలతో మట్టిని కరిగించి, మిగిలిన రేణువులను సూక్ష్మదర్శిని కింద లెక్కపెడతారు.

రాజస్థాన్‌లోని సాంభర్, డీడ్వానా, లూణ్‌కరన్‌సర్ ఉప్పు సరస్సుల్లో గురుదీప్ సింగ్, ఆయన సహచరులు ఇలాగే పరిశీలించారు. ఫలితాలు 1971, 1974 సంవత్సరాల్లో వెలువడ్డాయి. సుమారు 9,500 ఏళ్ల నాటి పొరల నుంచి ధాన్యపు జాతిని పోలిన పుప్పొడి, దానితోపాటు సన్నని బొగ్గు తునకలు కనిపించాయి. ఆనాటి జనం పొదలను తగలబెట్టి పైరు వేసి ఉంటారని సింగ్ భావించారు.

అయితే ఇందులో ఒక చిక్కుంది. కొన్ని అడవి గడ్డుల పుప్పొడి కూడా ధాన్యపు పుప్పొడిలాగే పెద్దదిగా ఉంటుంది. బొగ్గు కార్చిచ్చు వల్ల కూడా రావచ్చు. కాబట్టి అది సేద్యమేనని అందరూ ఒప్పుకోలేదు.

వానలు బాగా కురిసిన కాలంలో సింధు నాగరికత వర్ధిల్లిందని, వానలు తగ్గాక క్షీణించిందని కూడా సింగ్ చెప్పారు. 1999లో వెలువడిన మరో పరిశోధన దీన్ని ప్రశ్నించింది. లూణ్‌కరన్‌సర్ సరస్సు ఎండిన సుమారు వెయ్యేళ్ల తర్వాతనే ఆ నాగరికత ఆ ప్రాంతంలో వర్ధిల్లిందని తేల్చింది. అంటే వానలు తగ్గిన రోజుల్లోనూ మనిషి అక్కడ నిలదొక్కుకున్నాడన్న మాట.

పుప్పొడి అన్ని పంటల గురించీ చెప్పదు. వేరుశనగ, కంది వంటివి గాలిలోకి పుప్పొడి వదలవు. ఏటా వేసవిలో ఎండిపోయే మన చెరువుల్లో పుప్పొడి నిలవడమూ కష్టమే. పూడిక తీస్తే పొరల వరుసే పోతుంది. అందుకే దక్కన్ మెట్టల్లో మాడిన గింజలే ఎక్కువగా ఆధారమయ్యాయి. కర్ణాటక, ఆంధ్ర ప్రాంతాల్లోని నవీన శిలాయుగపు ఊళ్లలో సుమారు 4,000 ఏళ్ల నాటి ఉలవలు, పెసలు దొరికాయి.