బడిలో అనుమానం వస్తే దాచరాదు: చెప్పకపోవడమూ నేరమే!

బడికి వచ్చిన పిల్ల మోచేతి మీద వాత కనిపించింది. అడిగితే "పొయ్యి కాడ కాలింది సారూ" అన్నది. వారం తిరక్కుండానే వీపు మీద ఇంకొకటి తేలింది. ఆ తరువాత నాలుగు రోజులు బడికే రాలేదు. వచ్చిన రోజు నుంచి ఎవరు దగ్గరికి పోయినా ఉలిక్కిపడుతున్నది. పొయ్యి వీపును కాల్చదని పాఠం చెప్పే సారుకు తెలుసు. మధ్యాహ్నం అన్నం వడ్డించే వంటమ్మకూ తెలుసు. మరి ఎవరు ఎవరికి చెప్పాలి?

ఏ ఊరి బడిలోనైనా ఎదురు కాగల ప్రశ్న ఇది. సాధారణంగా జరిగేదేమిటంటే, వంటమ్మ టీచరుతో అంటుంది, టీచరు హెడ్మాస్టరుతో అంటాడు, హెడ్మాస్టరు "చూద్దాంలే" అంటాడు. సంగతి మరీ ముదిరితే ఊరి పెద్దమనుషుల దగ్గరికి పోతుంది. అక్కడ నాలుగు మాటలు, కొంత జరిమానా, అంతటితో సరి. పిల్ల మాత్రం సాయంత్రం మళ్ళీ ఆ ఇంటికే పోవాలి. పై వారికి చెప్పాం కనుక మన బాధ్యత తీరిందని బడి ఉద్యోగులు అనుకోవడం కద్దు. అయితే చట్టం అలా అనడం లేదు.

2012 నవంబరు 14న అమలులోకి వచ్చిన పోక్సో చట్టం, అంటే లైంగిక నేరాల నుంచి పిల్లలను కాపాడే చట్టం, 18 ఏళ్ళ లోపు ఆడపిల్లలకే కాక మగపిల్లలకు కూడా వర్తిస్తుంది. దాని 19వ సెక్షను ప్రకారం ఇలాంటి నేరం జరిగిందని తెలిసినవారే కాదు, జరగబోతున్నదని భయం కలిగినవారు కూడా స్థానిక పోలీసులకు గాని, ప్రత్యేక బాలల పోలీసు విభాగానికి గాని తెలియజేయవలసిందే. "ఎవరైనా" అన్నదే చట్టంలోని మాట. హెడ్మాస్టరు, టీచరు, వార్డెను, అటెండరు, ఆయా, వంటమనిషి, రాత్రి కాపలాదారు అందరూ అందులోకి వస్తారు. పర్మినెంటు ఉద్యోగి, దినకూలి అన్న తేడా లేదు.

తెలిసీ చెప్పకపోతే 21వ సెక్షను కింద ఆరు నెలల దాకా జైలు, లేదా జరిమానా, లేదా రెండూ పడవచ్చు. తన కింద పనిచేసేవాడు చేసిన నేరాన్ని సంస్థ పెద్దే దాచిపెడితే శిక్ష ఏడాది దాకా, జరిమానా అదనం. బడి పరువు పోతుందని ఊరుకునే యాజమాన్యాలు ఈ ముక్క చదువుకోవాలి. ఫిర్యాదు వచ్చినా రాసుకోని పోలీసు అధికారికీ శిక్ష ఉన్నది. చెప్పలేకపోయిన పిల్లలకు మాత్రం ఈ శిక్ష వర్తించదు.

రాజురాలో జరిగింది

ఇదంతా కాగితం మీద చట్టమేనని కొట్టిపారేసేవారు మన పొరుగునే ఉన్న రాజురా సంగతి తెలుసుకోవాలి. వాంకిడి దాటి మహారాష్ట్ర వైపు పోతే వచ్చే ఊరు అది. రాష్ట్రాల పునర్విభజనకు ముందు ఆదిలాబాద్ జిల్లాలోని తాలూకాయే. అక్కడి ఒక పాఠశాల హాస్టల్లో ఉంటున్న గిరిజన బాలికలపై అత్యాచారాలు జరిగాయని 2019లో కేసు నమోదయింది. ఆ హాస్టలు పిల్లలకు వైద్యం చేయడానికి కుదిరిన డాక్టరు సంగతి తెలిసీ పోలీసులకు చెప్పలేదన్న ఆరోపణపై ఆయనను కూడా నిందితుల్లో చేర్చారు. ఆయనపై కేసును 2021లో బొంబాయి హైకోర్టు నాగపూర్ బెంచి కొట్టివేసింది. మహారాష్ట్ర ప్రభుత్వం అప్పీలుకు వెళ్ళగా, 2022 నవంబరు 2న సుప్రీంకోర్టు ఆ తీర్పును రద్దు చేసింది. డాక్టరు దోషి అని కోర్టు తేల్చలేదు. కాని తెలిసీ చెప్పకపోవడం తీవ్రమైన నేరమని, అది చాలా సార్లు నేరస్థుణ్ణి కాపాడే ప్రయత్నమే అవుతుందని స్పష్టం చేసింది. ఆలస్యమైతే వైద్య పరీక్షలో దొరకవలసిన ఆధారాలు దొరకవన్నది అందరూ గ్రహించవలసిన విషయం.

బడుల పెద్దలు, హాస్టళ్ళ పెద్దలు ఇలాంటివి తమ దృష్టికి వస్తే గుట్టు చెడకుండా పోలీసులకు తెలపాలని 2013లోనే మరో కేసులో సుప్రీంకోర్టు ఆదేశించి ఉన్నది.

పంచాయితీలో రాజీ చేసుకున్నామంటే కూడా చెల్లదు. రాజస్థాన్లో ఒక టీచరు విద్యార్థినితో తప్పుగా ప్రవర్తించాడన్న కేసులో ఆయన, బాలిక తండ్రి రాజీ పడ్డారు. దాని ఆధారంగా హైకోర్టు కేసు కొట్టివేసింది. కేసులో పక్షం కాని వారు సుప్రీంకోర్టు తలుపు తట్టారు. 2024 నవంబరులో సుప్రీంకోర్టు హైకోర్టు ఉత్తర్వును రద్దు చేసి కేసు నడపమన్నది. తండ్రి సంతకం పెట్టినంత మాత్రాన బిడ్డకు జరిగినది మాసిపోదు కదా!

పేదరికం వేరు, హింస వేరు

ఇక్కడ ఒక జాగ్రత్త అవసరం. చిరిగిన చొక్కా, నూనె లేని తల, పత్తి ఏరే రోజుల్లో వారం రోజుల గైర్హాజరు చూసి తల్లిదండ్రులను దోషులుగా చూడరాదు. కూలికి పోతే గాని పూట గడవని ఇళ్ళు మన పల్లెల్లో ఎన్ని లేవు! అటువంటి ఇంటికి కావలసింది సాయం. ఒకే రకం దెబ్బలు పదే పదే కనిపించడం, ఒక మనిషి పేరెత్తితే వణకడం, చలాకీ పిల్ల హఠాత్తుగా మూగబోవడం, జబ్బు పడ్డా వైద్యం చేయించకుండా వదిలేయడం, ఎనిమిదో తరగతి పిల్లకు పెళ్ళి మాటలు వినిపించడం – వీటిని పేదరికం ఖాతాలో వేసి ఊరుకోవడం తప్పు.

కొట్టడం, మాడ్చడం వంటివి 2015 బాలల న్యాయ చట్టం కిందికి వస్తాయి. పిల్లల బాధ్యత ఉన్నవారు హింసించినా, కావాలని నిర్లక్ష్యం చేసినా మూడేళ్ళ దాకా జైలు, లేదా లక్ష రూపాయల దాకా జరిమానా, లేదా రెండూ. పిల్లల ఆలనాపాలనా అప్పగించిన సంస్థలోని ఉద్యోగే ఆ పని చేస్తే ఐదేళ్ళు, ఐదు లక్షల దాకా పోతుంది. ఇలాంటి పిల్లల విషయం జిల్లా బాలల సంక్షేమ సమితికి చేరాలి. పిల్లను ఎక్కడ ఉంచాలి, ఎవరికి అప్పగించాలి అన్నది తేల్చేది ఆ సమితే. అందులో అధ్యక్షుడు, నలుగురు సభ్యులు ఉంటారు. సభ్యుల్లో కనీసం ఒకరు మహిళ.

"రేపు అబద్ధమని తేలితే నా గతేమిటి?" అన్నది చిన్న ఉద్యోగుల భయం. ఆ భయంలో అర్థం లేకపోలేదు. ఊళ్ళోనే ఉండాలి, ఆ ఇంటివారి ముఖమే రోజూ చూడాలి. అయితే సదుద్దేశంతో సమాచారం ఇచ్చినవారిపై సివిలు కేసు గాని, క్రిమినలు కేసు గాని నిలవదని పోక్సో చట్టమే చెబుతున్నది. కక్షతో అబద్ధపు ఫిర్యాదు ఇచ్చినవారికే శిక్ష. రుజువు వెతకడం పోలీసుల పని. చెప్పేవారు తాము చూసింది, విన్నది చెబితే చాలు.

అసలు చిక్కంతా టీచర్లు సొంత విచారణకు దిగినప్పుడే వస్తుంది. పిల్లను తరగతి ముందు నిలబెట్టి అడగడం, అనుమానితుణ్ణి పిలిపించి నిలదీయడం, పదిమంది పది సార్లు అదే ప్రశ్న వేయడం వల్ల పిల్ల బెదిరిపోయి మాట మారుస్తుంది. పక్కకు పిలిచి, చెప్పినంత వరకు విని, ఆ పిల్ల మాటల్లోనే తేదీ, వేళతో రాసిపెట్టుకోవాలి. "ఎవరికీ చెప్పను" అని మాట ఇవ్వరాదు. ఎందుకంటే చెప్పక తప్పదు. పిల్ల పేరు, ఫోటో ఊరి వాట్సాప్ గ్రూపులో పెట్టడం మరో నేరం.

స్టేషను అంటే పిల్లలకు భయం సహజం. అందుకే పిల్ల వాంగ్మూలం ఇంటి వద్ద గాని, పిల్ల కోరిన చోట గాని తీసుకోవాలని, వీలైనంత వరకు మహిళా సబ్ ఇన్‌స్పెక్టరు స్థాయికి తగ్గని అధికారి రావాలని, యూనిఫారంలో రాకూడదని, రాత్రి పూట పిల్లను స్టేషనులో ఉంచరాదని చట్టంలో ఉన్నది. గోండి, కొలామీ, లంబాడీ మాట్లాడే పిల్లలున్న మన జిల్లాల్లో మరో నిబంధన ముఖ్యం. రాసుకునే భాష పిల్లకు అర్థం కాకపోతే దుబాసీని ఏర్పాటు చేయాలి. ఆడపిల్లకు వైద్య పరీక్ష చేయవలసింది మహిళా డాక్టరే. పోలీసులు 24 గంటలలోగా విషయాన్ని బాలల సంక్షేమ సమితికి, ప్రత్యేక కోర్టుకు తెలపాలి.

రాత్రి పగలు పనిచేసే పిల్లల సహాయ ఫోను 1098. డబ్బు ఖర్చు లేదు. అత్యవసరమైతే 112. లైంగిక నేరమైతే మాత్రం 1098కి ఫోను చేసి ఊరుకోకుండా పోలీసులకు చేరేలా చూసుకోవాలి. స్టేషనులో ఫిర్యాదును పుస్తకంలో ఎక్కించి, దానికి నంబరు వేసి, రాసింది చెప్పినవారికి చదివి వినిపించాలి. ఆ నంబరు అడిగి రాసుకుని రావడం మరువరాదు.