పక్క గదికి ఫైలు పంపితే గంట ఎందుకు?

ఇంట్లో 300 ఎంబీపీఎస్ నెట్ ఉంది. అయినా హాల్లో కంప్యూటర్ నుంచి పడకగది కంప్యూటర్‌కు పెళ్లి వీడియో పంపితే గంట పడుతోంది. ఎందుకు?

ముందు ఆ 300 సంగతి మరిచిపోండి. ఈ ఫైలు మీ గడప దాటదు. రౌటర్ దాకా వెళ్లి అటునుంచి అటే పక్క గదికి మళ్లుతుంది. బిల్లు కట్టక నెట్ ఆగిపోయినా కాపీ సాగుతూనే ఉంటుంది. ప్లాను పెంచితే కంపెనీకి లాభం తప్ప ఈ కాపీకి ఒరిగేదేమీ లేదు.

కాపీ అవుతున్నప్పుడు విండోలో వేగం చూడండి. 11 ఎంబీ దగ్గర గీత గీసినట్టు ఆగిపోయిందా? సగం జవాబు దొరికినట్టే. ప్లాను చెప్పేది మెగాబిట్లలో, కాపీ విండో చూపేది మెగాబైట్లలో. ఎనిమిది బిట్లయితే ఒక బైటు. కాబట్టి 100 మెగాబిట్ల లైనంటే పన్నెండున్నర మెగాబైట్లు. దారి ఖర్చులు పోను చేతికొచ్చేది 11 చిల్లర. అదే గిగాబిట్ లైనయితే 110 దాటుతుంది. 40 జీబీ వీడియోకు ఇక్కడ గంట, అక్కడ ఆరు నిమిషాలు.

కంప్యూటర్లూ రౌటరూ గిగాబిట్‌వే, అయినా వందేనా? అయితే నా అనుమానం వైరు మీదే. అందులో ఎనిమిది తీగలు, అంటే నాలుగు జతలు ఉంటాయి. వందకు రెండు జతలు చాలు, గిగాబిట్‌కు నాలుగూ కావాలి. ఒక తీగ పోతే చాలాసార్లు లైను చచ్చిపోదు, గుట్టుచప్పుడు కాకుండా వందకు దిగిపోతుంది. మా ఇంట్లో తలుపు సందులోంచి లాగిన వైరుకూ ఇదే జరిగింది. ప్లగ్గును లైటుకు అడ్డంగా పెట్టి చూస్తే ఏడు తీగలు పిన్నుల కింద బుద్ధిగా కూర్చున్నాయి, నీలం తీగ మాత్రం గింజంత ఎడంగా ఆగిపోయింది. కొత్త ప్లగ్గు కొట్టించాను, ఆ పూటకే బాగుపడింది.

రెండూ వైఫై మీదే ఉంటే లెక్క వేరు. ప్రతి ముక్కా ఒకసారి రౌటర్‌కు, మళ్లీ రౌటర్ నుంచి అవతలికి అదే గాలిలో వెళ్లాలి. ఉన్న వేగం దాదాపు సగమవుతుంది. ఒక్క కంప్యూటర్‌నైనా వైరుకు తగిలిస్తే తేడా తెలుస్తుంది.

ఒక్క పెద్ద వీడియో జోరుగా వెళ్లి, పదివేల ఫొటోలు మాత్రం నత్తనడక నడిస్తే తప్పు లైనుది కాదు. ఫైలు ఫైలుకూ తెరవడం, పేరు పెట్టడం, మూయడం అని రెండు కంప్యూటర్లూ మాట్లాడుకోవాలి. ఒక జిప్ కట్టి పంపండి. ఫొటోల సైజు పెద్దగా తగ్గదు, ఆ మాటలు తగ్గుతాయి. అవతల రాసేది పాత పెన్‌డ్రైవ్ మీదయితే మాత్రం లైను ఎంత ఉన్నా దండగే.

ఇవాళే చూడాలంటే, విండోస్ సెట్టింగ్స్‌లో ఈథర్‌నెట్ పేజీ తెరవండి. లింక్ స్పీడ్ దగ్గర 100 ఉంటే వైరు మార్చి మళ్లీ చూడండి. అప్పుడూ 1000 రాకపోతే రౌటర్ మోడల్ పేరు వెతకండి. వైఫై వేగం పెద్ద అంకెల్లో అచ్చేసి, వెనక పోర్టులు మాత్రం వందవే పెట్టిన పెట్టెలు ఇంకా చాలా ఇళ్లలో ఉన్నాయి.