ఆగని గురుత్వ తరంగములు

కర్కాటక రాశిలో, కంటికి కానరానంత మసకగా, రెండు శ్వేత కుబ్జములు కలవు. ఆ జంటకు హెచ్.ఎం. కాంక్రీ అని పేరు. వాటి నడుమ దూరము మనకును చంద్రునికిని గల దూరములో నాల్గవ వంతైనను లేదు. అవి 5 నిమిషముల 21 సెకనులలో ఒకదానిచుట్టు ఒకటి తిరిగివచ్చును. చంద్రుడు ఆ పనికి 27 దినములు తీసికొనును గదా!

ఇట్లు తిరుగు జంట గురుత్వ తరంగములను వెదజల్లునని ఐన్‌స్టీన్ సిద్ధాంతము. తరంగములతో శక్తి పోవును, కక్ష్య కుంచించుకొనును. దుర్భిణులతో చూడగా ఈ జంట పరిభ్రమణ కాలము ఏటేట సెకనులో వెయ్యవ వంతుకంటె కొంచె మెక్కువగా తగ్గుచున్నట్లు తేలినది. అయితే ఒక తారనుండి పదార్థము రెండవదానిపై పడుచుండుటయు కక్ష్యను మార్చగలదు. కనుక వెలుతురు చెప్పు సాక్ష్యము చాలదు, తరంగమునే పట్టవలెను.

2015 సెప్టెంబరు 14న అమెరికాలోని లైగో పట్టిన తొలి తరంగము రెండు కృష్ణ బిలముల కలయికవలన పుట్టినది. అది సెకనులో అయిదవ వంతు కాలముండి ముగిసినది. మన జంట తరంగము ఆగదు, కాని మిక్కిలి మెల్లనిది. కర్రసాములో తిరుగు కర్ర అర చుట్టుకే మొదటి రూపమునకు వచ్చునట్లు, జంట తారలు అర చుట్టుకొక తరంగము నిచ్చును. అనగా సుమారు 161 సెకనుల కొకటి. ఇంత మెల్లని కదలికను భూమిపై కొలువలేము. నేల అదురుట ఒక్కటే కారణము కాదు. నేలలోను గాలిలోను బరువు అటునిటు జరిగినపుడు అక్కడి గురుత్వమే మారును. దానిని ఏ గోడయు అడ్డలేదు.

అందుకే యూరపు అంతరిక్ష సంస్థ 2024 జనవరిలో లీసా పథకమును ఆమోదించినది. 2035లో పంపవలెనని సంకల్పము. మూడు నౌకలు 25 లక్షల కిలోమీటర్ల భుజములుగల త్రిభుజముగా, భూమి వెనుకగా సూర్యునిచుట్టు తిరుగును. వాటిలో ఏ ఆధారము లేక తేలియుండు బంగారు-ప్లాటినం ఘనముల మధ్య దూరమును లేసర్ కిరణములు కొలుచును. ఒక నౌకనుండి మరొకదానికి కిరణము ఎన్ని సెకనులలో చేరునో ఉపాధ్యాయులు తరగతిలో లెక్క వేయింపవచ్చును. ఎనిమిదికి పైగా వచ్చును. ఇంత పొడవులో పట్టవలసిన మార్పు మీటరులో లక్ష కోట్లవ వంతుల లెక్కలోనిది!

ఒక్క తరంగము రొదలో మునిగిపోవును. కాని ఏడాదికి అవి సుమారు 1,96,000 వచ్చును. వరుస తప్పక కూడినచో తరంగము బలపడును, రొద అంతగా పెరుగదు. నాలుగేండ్లు వినినచో ఏడాది వినినదానికి రెండింతలు స్పష్టముగా నుండును. ఇందులో ఒక చిక్కు కలదు. నౌకలు తారవైపు సాగునపుడు స్వరము రైలు కూతవలె హెచ్చును, దూరమగునపుడు తగ్గును. దీనిని సవరించుకొననిదే కూడిక కుదరదు. విచిత్రమేమనగా, తార ఏ దిక్కున నున్నదో తెలుపునవి ఆ హెచ్చుతగ్గులే.

పాలపుంతలో ఇట్టి జంటలు కోట్లకొలది యుండునని అంచనా. పెక్కింటి స్వరములు కలిసి ఒకే హోరుగా వినబడును. హెచ్.ఎం. కాంక్రీ దిక్కును, కాలమును మనకు ముందే తెలియును. కనుక లీసా మొదట వెదకవలసినది ఇట్టి జంటలనే. అక్కడ స్వరము లేకున్నచో ముందు పరికరమునే అనుమానింపవలెను.