ఎనిమిది గంటల రియాక్షన్ రెండు నిమిషాల్లో... గొప్పతనం మైక్రోవేవ్‌దేనా?

ల్యాబులో నూనె తొట్టెలో రోజంతా మరిగించాల్సిన రియాక్షన్ మైక్రోవేవ్‌లో పెడితే నిమిషాల్లో అయిపోతుంది. ఇది అబద్ధం కాదు. గొడవంతా 'ఎందుకు' అన్న దగ్గర వచ్చింది. ఆ తరంగాల్లో వేడి కాక ఇంకేదో మహిమ ఉందని చాలామంది కెమిస్టులు నమ్మారు. దానికి 'నాన్ థర్మల్ ఎఫెక్ట్' అని పేరు కూడా పెట్టారు. అసలు సంగతి తేలడానికి ఇరవై ఏళ్లకు పైనే పట్టింది.

కథ 1986లో మొదలైంది. కెనడాలో ఒక బృందం, అమెరికాలో మరో బృందం వంటింటి మైక్రోవేవ్ ఓవెన్లలోనే ఆర్గానిక్ రియాక్షన్లు చేసి చూపించాయి. మూత బిగించిన పాత్రలు కొన్ని పేలిపోయాయి కూడా! పదేళ్ల తర్వాత, 1996లో, స్వీడన్‌లోని ఉప్సాలాలో మాట్స్ లార్హెడ్, ఆండర్స్ హాల్‌బెర్గ్ పల్లాడియం రియాక్షన్ల మీద ఇదే ప్రయోగం చేశారు. గంటలు పట్టేవి నిమిషాలకు దిగాయి.

పల్లాడియం అంటే ఏదో దూరపు లోహం అనుకోకండి. కార్బన్‌కి కార్బన్‌ని అతికించడంలో దానిది పెద్ద చెయ్యి. ఆ పనికే 2010లో హెక్, నెగిషి, సుజుకిలకు నోబెల్ వచ్చింది. మన ఇళ్లలో బీపీకి వేసుకునే లోసార్టాన్ తయారీకి మెర్క్ కంపెనీ ఎంచుకున్న దారిలోనూ సుజుకి రియాక్షనే కీలకం.

ఇప్పుడు చిన్న లెక్క. వేడి పది డిగ్రీలు పెరిగితే రియాక్షన్ టైం సుమారు సగానికి పడిపోతుందని కెమిస్టులు మోటుగా లెక్కేస్తారు. 80 డిగ్రీల దగ్గర 8 గంటలు, అంటే 480 నిమిషాలు పట్టే పనిని 160 డిగ్రీల దగ్గర చేస్తే? ఎనిమిది సార్లు సగం చేయండి. రెండు నిమిషాల లోపే! మహిమ అక్కర్లేదు, వేడి చాలు. ఇథనాల్ 78 డిగ్రీలకే మరుగుతుంది కదా, 160 ఎలా అంటారా? మూత బిగిస్తే సరి. ప్రెషర్ కుక్కర్‌లో కందిపప్పు తొందరగా ఉడికేది కూడా అందుకే.

చాలా పోలికల్లో జరిగింది ఇదే. ఒకవైపు మూత లేని ఫ్లాస్క్, ఇంకోవైపు కుక్కర్ లాంటి సీసా. మా సాఫ్ట్‌వేర్ వాళ్ల భాషలో చెప్పాలంటే, పాత కోడ్‌ని డొక్కు ల్యాప్‌టాప్ మీద, కొత్త కోడ్‌ని ఖరీదైన సర్వర్ మీద నడిపి 'చూశారా నా కోడ్ ఎంత ఫాస్టో' అన్నట్టు.

థర్మామీటర్ దగ్గర ఇంకో తిరకాసు ఉంది. చాలా మెషిన్లలో ఇన్‌ఫ్రారెడ్ సెన్సర్ సీసా బయటి గోడ వేడిని చదువుతుంది. మైక్రోవేవ్‌లో ముందు వేడెక్కేది లోపలి ద్రవం. పైనుంచి గాలి ఊది సీసాని చల్లబరిస్తే ఇంకా తేడా. రీడింగ్ ఒకటి, లోపల ఉన్నది ఒకటి.

ఆస్ట్రియాలోని గ్రాజ్‌లో ఆలివర్ కాప్పె బృందం 2009లో దీన్ని తెలివిగా తేల్చింది. గాజు సీసాకి బదులు సిలికాన్ కార్బైడ్ సీసా పెట్టారు. అది మైక్రోవేవ్‌లని తానే మింగేసి, లోపలికి దాదాపు వేడి మాత్రమే పంపుతుంది. రెండు సీసాల్లోనూ ఒకే ఉష్ణోగ్రత ఉండేలా లోపల ఫైబర్ ఆప్టిక్ పెట్టి కొలిచారు. ఫలితాలు ఒకేలా వచ్చాయి. నా మటుకు నాకు ఈ ప్రయోగం నోబెల్ వచ్చిన వాటికన్నా ముచ్చటగా అనిపిస్తుంది.

ఇదే కాలంలో ఇంకో చిత్రం. నికొలస్ లెడ్‌బీటర్ బృందం 2003లో అసలు లోహమే లేకుండా మైక్రోవేవ్‌లో సుజుకి రియాక్షన్ జరిగిందని ప్రకటించింది. ఆ బృందమే మళ్లీ తవ్వి చూసి, 2005లో దోషిని పట్టుకుంది: వాడిన సోడియం కార్బొనేట్‌లో పల్లాడియం మలినం! ఎంతో తెలుసా? వంద కోట్ల భాగాల్లో 50 భాగాలు. అంత నలుసు కూడా పని చేసేసింది. తమ పేపర్‌ని తామే సరిదిద్దుకుని అచ్చేసినందుకు వాళ్లని మెచ్చుకోవాలి.

అయితే మైక్రోవేవ్‌కి ప్రత్యేకత లేదని కాదు. లోహం ఘనరూపంలో ఉంటే కథ మారుతుంది. జపాన్‌లో సతోషి హోరికోషి బృందం టోలుయిన్‌లో కార్బన్ పొడి మీద పల్లాడియం వేసి సుజుకి రియాక్షన్ చేసింది. టోలుయిన్ మైక్రోవేవ్‌ని పెద్దగా పీల్చదు, కార్బన్ బాగా పీలుస్తుంది. దాంతో అక్కడక్కడా నిప్పురవ్వల్లాంటి హాట్ స్పాట్లు పుట్టాయి. లాభమా అంటే, అవి వచ్చినప్పుడు సరుకు దిగుబడి తగ్గింది!

ఫ్యాక్టరీ సంగతికొస్తే, జీడిమెట్ల లాంటి చోట్ల బల్క్ డ్రగ్ యూనిట్లలో కనిపించేవి జాకెట్‌లో ఆవిరో వేడి నూనో తిరిగే పెద్ద రియాక్టర్లే. మామూలు ద్రావకాల్లో మైక్రోవేవ్‌లు కొన్ని సెంటీమీటర్ల లోతుకే చొచ్చుకుపోతాయి. వేల లీటర్ల ట్యాంకు మధ్యకి అవి చేరవు. పైగా మాగ్నెట్రాన్ తాగే కరెంటులో మూడో వంతుకి పైనే తరంగాలుగా మారకుండా పోతుంది.

అందుకే కాప్పె లాంటి వాళ్లు వేరే దారి పట్టారు. ఏ వేడిలో, ఎన్ని నిమిషాల్లో రియాక్షన్ బాగా జరుగుతుందో చిన్న మైక్రోవేవ్ సీసాలో గబగబా వెతికేస్తారు. ఆ లెక్కలు పట్టుకెళ్లి, మామూలుగా వేడి చేసిన సన్నని గొట్టంలో ఒత్తిడి మీద ద్రవాన్ని ఆపకుండా పారిస్తారు. సరుకు అటు చివర నుంచి వస్తూనే ఉంటుంది.