‘ప్చ్’ కూడా ఒక హల్లే

పక్కింటి ఆవిడ తన కష్టం చెప్పుకుంటుంటే మనం ఏమంటాం? ‘అయ్యో పాపం’ అంటాం. ‘ప్చ్... ప్చ్’ అంటాం. పుస్తకాల్లో అలా రాస్తారు గానీ, ఆ చప్పుడులో ప లేదు, చ లేదు. మన 56 అక్షరాల్లో దానికి చోటే లేదు.

దక్షిణ ఆఫ్రికాలో ఖోసా అనే భాష ఉంది. నెల్సన్ మండేలా మాతృభాష అదే. ఆ భాషలో ఈ చప్పుడు క, గ, మ లాగే ఒక హల్లు. దానితో మాటలు కడతారు.

అది ఎలా పుడుతుంది? మామూలుగా మాట్లాడేటప్పుడు ఊపిరితిత్తుల గాలి బయటికి వస్తుంది. మాట ఆ గాలితోనే పలుకుతుంది. ‘ప్చ్’ సంగతి వేరు. నాలుక కొన పైపళ్ల వెనక ఆనుతుంది. నాలుక వెనక భాగం కూడా లేచి, ‘క’ పలికే చోట అంగిలికి ఆనుతుంది. మధ్యలో కొంచెం గాలి చిక్కుకుంటుంది. అప్పుడు నాలుక నడుమ భాగం కిందికి దిగుతుంది. లోపల చోటు పెరిగి, గాలి పలచబడుతుంది. నాలుక కొన వదలగానే బయటి గాలి లోపలికి దూసుకొస్తుంది. అదే ఆ చప్పుడు.

అంటే దీనికి ఊపిరితో పనిలేదు. నమ్మకం లేదా? ముక్కుతో కూనిరాగం తీస్తూ ‘ప్చ్’ అనండి. రాగం ఆగదు.

ఖోసాలో ఇలాంటివి ముఖ్యంగా మూడు రకాలు. ఒకటి ఇది. రెండోది బండివాడు ఎడ్లను అదిలించేది, నాలుక పక్కనుంచి వస్తుంది. మూడోది అంగిలికి నాలుక ఆనించి ‘టొక్’మనిపించేది. మనం ఖోసా అంటున్నాం గానీ, వాళ్లు ఆ పేరును రెండో రకం చప్పుడుతో మొదలుపెడతారు.

ఇవి మొదట ఖోసా వాళ్లవి కావు. అంతకుముందే అక్కడున్న ఖోయ్, సాన్ జనం భాషల నుంచి వచ్చాయి. ఇందులో ఆడవాళ్ల చేయి ఉందని కొందరు పండితులు అంటారు. ఖోసాలలో ‘హ్లోనిపా’ అనే ఆచారం ఉంది. కోడలు మామగారి పేరు పలకకూడదు. ఆ పేరులోని శబ్దం ఉన్న వేరే మాటలు కూడా అనకూడదు! (మొగుడి పేరు చెప్పకూడదనే మన ఆచారానికి ఇది పెద్దక్క.) మరి రోజంతా మాట్లాడేదెలా? ఆ శబ్దం తీసేసి, దాని చోట కొన్నిసార్లు ఇలాంటి హల్లు పెట్టేవారు. పిల్లలు తల్లి నోటినుంచి అవే నేర్చుకున్నారు.

సాన్ జనం భాషల్లో కొన్ని మాయమైపోతున్నాయి. ‘నూ’ అనే భాష అలాంటిదే. దాని పేరులోనూ ఒక ‘ప్చ్’ ఉంది. కాట్రీనా ఎసావ్ అనే ఆమెది ఆ భాష. ఆమె చిన్నప్పుడు తెల్లవాళ్లు అది వికారమైన భాష అన్నారు. సిగ్గుపడి అందరూ మాట్లాడటం మానేశారు. తనకు చదవడం, రాయడం రాకపోయినా, ఆమె ముసలితనంలో అపింగ్టన్ ఊళ్లో తన ఇంట్లోనే పిల్లలకు ఆ భాష నేర్పడం మొదలుపెట్టారు. 2021లో ఆమె చెప్పిన తాబేలు, నిప్పుకోడి కథ ఆ భాషలో పిల్లల పుస్తకంగా అచ్చయింది.