చెక్కు: వ్రాతలు రెండు, పత్ర మొక్కటి



నేఁడు నేనొక చిన్న ఇంగ్లీషు మాటను గూర్చి మనవి చేసెదను. అది 'చెక్కు'. మన లిపిలో దానికి రూప మొక్కటే, ఇంగ్లీషున రెండు. బ్రిటనులోను మన దేశములోను సి, హెచ్, ఇ, క్యు, యు, ఇ అని వ్రాయుదురు. అమెరికావారు సి, హెచ్, ఇ, సి, కె అని వ్రాయుదురు. ఉచ్చారణ యొక్కటే, పత్రమును ఒక్కటే.

ఈ భేదము తెలియక మా గ్రామమున నొక వృద్ధుఁడు చిక్కుపడెను. ఆయన ధాన్యమమ్మి చెక్కు పుచ్చుకొనెను. అమెరికాలోని మనుమఁడు వ్రాసి పంపిన మాటకును, బ్యాంకు కాగితముమీఁది మాటకును అక్షరములు కలియలేదు. ఇది వేఱొక పత్రము కాఁబోలునని ఆయన దానిని పెట్టెలో దాఁచెను. నాకుఁ జూపునాఁటికి మూఁడు మాసములు దాఁటినవి. 2012 ఏప్రిలు 1 మొదలు, చెక్కు దానిమీఁది తేదీనుండి మూఁడు మాసములే చెల్లును.

"ముందే అడుగకపోతిరా, తాతగారూ?" అంటిని.

"ఈ వయసున అక్షరములడిగిన నవ్వుదురని సిగ్గుపడితిని నాయనా" అనెను.

క్రొత్త చెక్కుకై ఆయన కొనుగోలుదారునింటికి పలుమాఱులు తిరుగవలసివచ్చినది.

ఈ మాట పుట్టుక చిత్రమైనది. మన చతురంగము పారసీకమునకుఁ బోయెను. అచ్చట రాజును 'షా' అందురు. ఆటలో రాజునకు ఆపద చూపుచుఁ బలికిన ఆ మాటయే ఫ్రెంచి ద్వారా ఇంగ్లీషున 'చెక్' ఆయెను. అడ్డగించుట, పిదప సరిచూచుట దాని యర్థములైనవి. మోసము జరుగకుండ సరిచూచుటకు ఉంచుకొను ప్రతిభాగమునకు మొదట నీ పేరుండెను. తరువాత సొమ్ము చెల్లింపుమను పత్రమునకే అది సంక్రమించెను. గళ్లబట్టపై లెక్కలు చూచిన ఇంగ్లండు ఖజానా పేరునుబట్టి 'క్యు'తోడి వ్రాత స్థిరపడెనందురు. సరిచూచుట యను క్రియను మాత్రము రెండు దేశములవారును 'సి, కె' లతోనే వ్రాయుదురు.

మన 1881 నాఁటి చట్టము 'క్యు'రూపమునే గ్రహించినది. ఆ చట్టమే 18వ సెక్షనులో, అంకెలకును మాటలకును భేదమున్నచో మాటలలో వ్రాసిన మొత్తమే చెల్లునని చెప్పుచున్నది. కావున చెక్కు చేతికి రాఁగానే తేదీని, పేరును, మాటలలోని మొత్తమును చూడుఁడు, చదువరాకున్న చదివించుకొనుఁడు. ఆ పేరు నే యక్షరములతో వ్రాసిరో యని సందేహింపక, గడువులోపల బ్యాంకునఁ జేర్పుఁడు.