ఉప్పు గాలిలో కాపురం

వానాకాలం మొదలైందంటే సముద్రం ఒడ్డునున్న భావనపాడులో వంటింటి ఉప్పు జాడీ అడుగున నీళ్ళు చేరతాయి. బండి చెయిన్ మీద ఎర్రటి పొడి లేస్తుంది. ఎండబెట్టి దాచుకున్న నెత్తళ్ళు మెత్తబడతాయి. పలాస నుంచి తెచ్చిన జీడిపప్పు నాలుగు రోజులకే కరకర పోయి పంటికింద సాగుతుంది. స్లాబు అడుగున పెచ్చు ఊడి ఊచ బయటపడుతుంది. వీటన్నిటినీ వేరువేరు తంటాలుగా చూస్తాం, ఒక్కోదానికి ఒక్కో చిట్కా వెతుక్కుంటాం. నిజానికి వీటిలో చాలావాటి వెనక ఉన్నది ఒక్క అంకె. అది తెలిస్తే సగం చిట్కాలు ఎవరూ చెప్పక్కర్లేదు.

ఆ అంకె 75. గాలి తాను మోయగలిగినంత నీటి ఆవిరిలో ప్రస్తుతం ఎంత వంతు మోస్తోందో చెప్పేదే వాతావరణ వార్తల్లో వినిపించే తేమ శాతం. అది 75కు లోపల ఉన్నంతసేపు శుద్ధమైన ఉప్పు పొడిగానే ఉంటుంది. 75 దాటిందా, గాలిలోని ఆవిరిని లాక్కుని ఆ నీటిలో తానే కరగడం మొదలుపెడుతుంది. చలికాలమైనా ఎండాకాలమైనా ఈ హద్దు పెద్దగా కదలదు. సముద్రం పక్కన రాత్రి పొద్దుపోయాక, తెల్లవారుజామున తేమ ఈ హద్దు దాటడం మామూలే. పొద్దెక్కి వేడి పెరిగేకొద్దీ అది దిగుతుంది. సముద్రం మీంచి గాలి తిరిగాక మళ్ళీ పెరుగుతుంది. అంటే జాడీలో ఉప్పు, బండి మీద పేరుకున్న ఉప్పు, చేపలో ఉన్న ఉప్పు ఒకే రోజులో తడిసి, ఆరి, మళ్ళీ తడుస్తూ ఉంటాయి.

నమ్మకం కుదరకపోతే ఇంట్లోనే చూడవచ్చు, బడికెళ్ళే పిల్లలుంటే మరీ మంచిది. తేమ కొలిచే చిన్న డిజిటల్ మీటర్లు ఇప్పుడు తక్కువ ధరకే వస్తున్నాయి. సీసా మూతలో చెంచాడు ఉప్పు వేసి, తడి ఇసుకలా అయ్యేవరకు చుక్కచుక్కగా నీళ్ళు కలపండి. మరీ ఎక్కువై ఉప్పంతా కరిగిపోకూడదు. ఆ మూతనూ మీటరునూ గాలి చొరని డబ్బాలో పెట్టి రాత్రంతా వదిలేయండి. పొద్దున మీటరు 75 దగ్గర నిలబడి ఉంటుంది. 80 చూపిస్తోందంటే మీ మీటరు అయిదు ఎక్కువ చెబుతోందని అర్థం. ప్రయోగశాలల్లో తేమ మీటర్లను సరిచూడటానికీ ఇదే పద్ధతి వాడతారు.

మరి కొట్లో కొన్న కల్లుప్పు ఎండరోజుల్లో కూడా చెమరుస్తుందేం? దీనికి జవాబు భావనపాడు ఉన్న సంతబొమ్మాళి మండలంలోనే, నౌపడ ఉప్పు మడుల్లో దొరుకుతుంది. లీటరు సముద్రపు నీటిలో సుమారు 35 గ్రాముల లవణాలుంటాయి. అందులో నాలుగింట మూడు వంతులకు పైగా మనం తినే ఉప్పే, అంటే సోడియం క్లోరైడ్. మిగిలినవాటిలో ముఖ్యమైనది మెగ్నీషియం క్లోరైడ్. మడిలో నీరు చిక్కబడేటప్పుడు ముందు ఉప్పు రాళ్ళు కడుతుంది, మెగ్నీషియం లవణాలు చివరి చేదు నీటిలో మిగిలిపోతాయి. ఆ చేదు నీటిని వేళకు వదిలేస్తే ఉప్పు గలగలలాడుతుంది. వదలకుండా ఆసాంతం ఎండగడితే చేదు కూడా ఉప్పుకు అంటుకునే వస్తుంది. మెగ్నీషియం క్లోరైడ్ నీరు కారడానికి 33 శాతం తేమ చాలు. మన తీరంలో గాలి అంత పొడిబారడం ఎప్పుడో గాని జరగదు. అందుకే కొత్త ఉప్పు చెమరుస్తుంది. గుట్టపోసి నెలల తరబడి చేదు నీరు కారిపోయిన పాత ఉప్పు అంతగా చెమర్చదు.

ఆవకాయ పెట్టేవాళ్ళు పాత ఉప్పే అడిగి తీసుకోవడంలో, దాన్ని మళ్ళీ ఎండలో పోసి దంచడంలో ఉన్న తెలివి ఇదే. ఎండబెట్టాక సాయంత్రం గాలి తగలనివ్వకుండా, వేడి మీదే జాడీకెత్తి మూత బిగించాలి. స్టీలు డబ్బా వద్దు. ఉప్పులోని క్లోరైడ్ స్టీలు మీద ఉండే సన్నని రక్షణ పొరను ఛేదించి చుక్కచుక్కలుగా కంతలు పెడుతుంది. పింగాణీ జాడీకో గాజు సీసాకో ఆ బాధ లేదు. ప్యాకెట్ ఉప్పు చెమరిస్తే ఇంకో నష్టం కూడా ఉంది. మన చేతికొచ్చే అయోడైజ్డ్ ఉప్పులో కిలోకు కనీసం 15 మిల్లీగ్రాముల అయోడిన్ ఉండాలన్నది నిబంధన. ఉప్పు నీరుకారి అడుక్కి దిగితే ఆ అయోడిన్ కూడా నీటితో పాటు దిగిపోతుంది. అడుగున చేరిన నీటిని పారబోస్తే అయోడిన్‌నూ పారబోసినట్టే. అందుకే తడి చెంచా పెట్టకుండా, పొయ్యి ఆవిరి తగలని చోట మూతపెట్టి ఉంచాలి.

ఇక బండి సంగతి. సముద్రానికి దగ్గర్లో బండి తుప్పు పట్టడానికి వాన కారణమనుకుంటాం. నీళ్ళు పోస్తే తుప్పు ఎక్కువవుతుందని కడగడమే మానేసేవాళ్ళూ ఉన్నారు. నాకు తెలిసి ఈ తీరంలో బండ్లకు జరిగే పెద్ద అన్యాయం ఇదే. అల విరిగినప్పుడు నురగలోని బుడగలు చిట్లి కంటికి కనిపించనంత సన్నని ఉప్పునీటి తుంపరలు గాలిలోకి లేస్తాయి. తీరాన్ని ఆనుకుని ఉన్న ఇళ్ళ మీద ఇవి ఎక్కువగా పడతాయి, లోపలికి వెళ్ళేకొద్దీ త్వరగా తగ్గిపోతాయి. నీరు ఆరిపోయాక మిగిలిన ఉప్పు మాత్రం ఇనుము మీదే కూర్చుంటుంది. రాత్రి తేమ 75 దాటగానే అది మళ్ళీ ఉప్పునీటి పొర అవుతుంది. ఆ పొరలో విద్యుత్తు సులువుగా పారుతుంది కాబట్టి తుప్పు పట్టే చర్య వేగం అందుకుంటుంది, క్లోరైడ్ దానికి తోడవుతుంది. చుక్క వాన పడకపోయినా బండి రాత్రంతా తడిగానే ఉందన్నమాట.

కాబట్టి మందు మంచినీళ్ళే. వారానికోసారి, ఇసుక మీదికి తీసుకెళ్తే అదే రోజున, పైపుతో ధారగా కడగాలి. ట్యాంకు మెరిస్తే చాలదు. మడ్‌గార్డుల లోపలివైపు, సైలెన్సరు అడుగు, సైడ్ స్టాండు స్ప్రింగు, చువ్వలు, చెయిన్ చుట్టూ నీళ్ళు పోవాలి, ఉప్పు నక్కేది అక్కడే. ముందే గుడ్డతో తుడిస్తే ఉప్పూ ఇసుకా కలిసి రంగును గీరేస్తాయి. బోరు నీళ్ళు ఉప్పగా ఉంటే వాటితో కడిగి లాభం లేదు. కడిగాక కాసేపు నడిపి, నీడన పూర్తిగా ఆరనిచ్చి, చెయిన్‌కు నూనె పట్టించాలి. బ్యాటరీ టెర్మినళ్ళకు వ్యాజిలిన్ రాస్తే పచ్చని చిలుము తగ్గుతుంది. తడిబండి మీద ప్లాస్టిక్ కవరు కప్పడం కంటే ఊరికే వదిలేయడం నయం, ఎందుకంటే కవరు కింద తేమ బయటికి పోదు. కారు ఉన్నవాళ్ళు తలుపుల అడుగు అంచున నీరు కారడానికి పెట్టిన సన్నని కంతలను చూసుకోవాలి. వాటిలో ఇసుక చేరితే తుప్పు తలుపును లోపలినుంచే తినేస్తుంది. గ్యాస్ సిలిండరుకు కూడా అడుగు రింగు దగ్గరే తుప్పు మొదలవుతుంది. తడి నేల మీద కాకుండా స్టాండు మీద పెట్టండి.

ఇంటికి కూడా ఇదే చర్య, కాకపోతే నెమ్మదిగా. కాంక్రీటులోని క్షారగుణం ఊచను కాపాడుతూ ఉంటుంది. క్లోరైడ్ ఏళ్ళ తరబడి లోపలికి ఇంకి ఊచను చేరాక ఆ కాపు పోతుంది. తుప్పుకు ఇనుము కంటే రెండింతల నుంచి ఆరింతల చోటు కావాలి. ఆ ఉబ్బుకే స్లాబు పెచ్చులూడుతుంది. భారత ప్రమాణం ఐఎస్ 456 (2000) తీరప్రాంతపు గాలికి తెరిచి ఉన్న కాంక్రీటును తీవ్రమైన పరిస్థితి కింద లెక్కగట్టి, ఊచ మీద 45 మిల్లీమీటర్ల కాంక్రీటు కప్పు ఉండాలంటుంది. గ్రేడు ఎం30కి తగ్గకూడదంటుంది. సెంట్రింగు రోజున మేస్త్రి ఊచల కింద ఏవో రాతిముక్కలు పెట్టి కానిచ్చేస్తుంటే ఆపించి, సరైన మందం కవరు దిమ్మలు పెట్టించండి. ఇల్లు కట్టినన్నాళ్ళలో యజమాని స్వయంగా నిలబడి చూడాల్సిన రోజంటూ ఉంటే అది ఇదే. సముద్రపు ఇసుక, ఉప్పునీరు ఆ దరిదాపులకు రాకూడదు, నీళ్ళు పట్టడానికైనా సరే. ఇప్పటికే పెచ్చులూడిన చోట పైన సిమెంటు పూసి సున్నం వేస్తే తుప్పు లోపల సాగుతూనే ఉంటుంది. వదులైన కాంక్రీటు అంతా కొట్టించి, ఊచను మెరిసేదాకా గీకించి, అప్పుడే మరమ్మతు చేయించాలి. 2018 అక్టోబరు 11 తెల్లవారుజామున తిత్లీ తుపాను పలాస దగ్గర తీరం దాటడం చూసిన ప్రాంతం మనది, స్లాబు విషయంలో రాజీపడే వీలు మనకు లేదు.

ఇనుమును తినే ఈ ఉప్పే చేపను నిలబెడుతుంది. సూక్ష్మజీవులు బతకడానికి నీరు కావాలి, అదీ వాటికి అందే నీరు. ఆ అందుబాటును కొలిచే లెక్కలో స్వచ్ఛమైన నీటిని 1 అనుకుంటే, చేపను పాడుచేసే బాక్టీరియాలో ఎక్కువ భాగం 0.91 కింద పెరగలేవు. విషం పుట్టించే స్టెఫైలోకాకస్ మొండిది, 0.86 దాకా తట్టుకుంటుంది. ఉప్పుతో పూర్తిగా నిండిన నీటి విలువ ఎంతో తెలుసా, 0.75. మళ్ళీ అదే అంకె. అందుకే బాగా ఉప్పు పట్టిన చేప నిలవుంటుంది. అదే కారణంగా గాలిలో తేమ 75 దాటితే ఆ చేప నీరు పీల్చుకుని మెత్తబడుతుంది. అప్పుడు ఉప్పంటే ఇష్టపడే జాతి సూక్ష్మజీవులు చేరి పైన గులాబీ రంగు జిగురు కడుతుంది. ఆ రంగు కనిపిస్తే కడిగి వండుకుందామనుకోకండి, పారేయండి. కవళ్ళయినా నెత్తళ్ళయినా ఇసుక మీద కాకుండా వలకట్టిన పందిరి మీద ఆరబెడితే కిందినుంచీ గాలి ఆడుతుంది, ఇసుకలోని చెమ్మ అంటదు. డబ్బాకెత్తేది మంచి ఎండలో, చేప చేతికి గట్టిగా తగిలే వేళ. ముసురు పట్టిన రోజుల్లో ఆ డబ్బా మూత మాటిమాటికీ తీయకూడదు.

జీడిపప్పుది వేరే దారి, దాన్లో ఉప్పు లేదు. అయినా ఎండిన గింజ కాబట్టి చుట్టూ ఉన్న గాలితో సమానమయ్యేదాకా తేమ లాగుతుంది. ఎగుమతి చేసే పప్పులో తేమ 5 శాతం దరిదాపుల్లోనే ఉంచి గాలి తీసేసి ప్యాక్ చేస్తారు. పలాసలో డబ్ల్యూ 240, డబ్ల్యూ 320 అని అడుగుతారే, అవి పౌనుకు ఎన్ని గుండ్లు, అంటే విరగని పప్పులు, తూగుతాయో చెప్పే లెక్కలు. అంకె చిన్నదైతే గుండు పెద్దది, రుచికి దానితో సంబంధం లేదు. ఫ్రిజ్‌లో పెట్టుకుంటే తీసిన వెంటనే డబ్బా తెరవకండి. చల్లటి పప్పు మీద గాలిలోని ఆవిరి నీరై కూర్చుంటుంది. అరగంట ఆగి తెరవండి. మెత్తబడ్డ పప్పు సన్నని మంట మీద వేడిచేస్తే మళ్ళీ కరకరలాడుతుంది. ముక్కిన వాసన వస్తే మాత్రం నూనె చెడినట్టే, ఇక బాగుపడదు.

పలాస చుట్టుపక్కలి ఈ ఉద్దానం గురించి రాస్తూ ఇనుము, చేపల దగ్గరే ఆగి, ఒంట్లోకి వెళ్ళే ఉప్పు మాట చెప్పకపోతే తప్పవుతుంది. షుగరు, బీపీ లేనివాళ్ళ కిడ్నీలు కూడా చెడిపోతున్న ప్రాంతం ఇది. 2023 డిసెంబరు 14న పలాసలో కిడ్నీ పరిశోధన కేంద్రం, 200 పడకల ఆసుపత్రి ప్రారంభమయ్యాయి. పెద్దవాళ్ళకు రోజుకు 5 గ్రాముల లోపు, అంటే ఒక టీ చెంచాకు లోపు ఉప్పు చాలని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెబుతుంది. ఎండుచేప కూరయితే ముందు కాసేపు నీళ్ళలో నానబెట్టి ఆ నీళ్ళు పారబోసి, కూరలో విడిగా ఉప్పు వేయకుండా రుచి చూడాలి. ఉప్పు తగ్గించమని డాక్టరు చెప్పగానే చాలామంది కొట్టుకెళ్ళి తక్కువ సోడియం ఉప్పు అడుగుతున్నారు. సోడియం తగ్గించిన చోట అందులో చాలావరకు కలిపేది పొటాషియం క్లోరైడ్. ఆరోగ్యంగా ఉన్న కిడ్నీ అదనపు పొటాషియాన్ని బయటికి పంపేస్తుంది. దెబ్బతిన్న కిడ్నీ పంపలేదు, అది రక్తంలో పెరిగితే గుండె లయ తప్పుతుంది. 2025 జనవరిలో ఇలాంటి ఉప్పులను వాడవచ్చని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెప్పినప్పుడు కూడా కిడ్నీ జబ్బు ఉన్నవాళ్ళను, గర్భిణులను, పిల్లలను ఆ సూచన నుంచి మినహాయించింది. తోటలో దింపిన కొబ్బరిబొండం నీళ్ళలోనూ పొటాషియం ఎక్కువే, చలవ చేస్తుందని రోగికి ప్రేమగా ఇచ్చేముందు డాక్టరును అడగాలి. ఉప్పు ప్యాకెట్ కొనేటప్పుడు వెనక చిన్న అక్షరాల్లో పొటాషియం క్లోరైడ్ అని ఉందేమో కొట్లోనే చూసుకోండి. చదవడం రాని పెద్దవాళ్ళుంటే కొట్టతనితో చదివించుకోమని చెప్పండి.